మర్నాడు వేసిన లాకు

నేను రిటైరైన రోజు మా ఫారంలో చిన్న సభ పెట్టినారు. శాలువా కప్పినారు, గోడ గడియారం ఇచ్చినారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు మైకు పట్టుకొని, "ముప్పై ఏళ్లు ట్రాక్టరు తోలి ఒక్క ప్రమాదం కూడా చేయని డ్రైవరు" అని నన్ను పొగిడినాడు. ఆయన తప్పేం లేదు. పాత ఫైళ్లు ఏ గదిలో చెదలు పట్టినాయో ఆయనకేం తెలుసు! ముందు వరసలో కూర్చున్న పాతవాళ్లు ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను. మైకు నా చేతికొచ్చినప్పుడు "అందరికీ నమస్కారం" అని మాత్రం చెప్పి కూర్చున్నాను.

ఆ రోజు చెప్పాల్సిన మాట ఇప్పుడు రాస్తున్నాను. మీలో ట్రాక్టరు తోలేవాళ్లు ఉంటారు, తోలాలని ఆశపడేవాళ్లు ఉంటారు. బండి తోలేది నేర్పడానికి రాయడం లేదు. అది మీకు నాకంటే బాగా వచ్చుంటుంది. నాకూ అప్పట్లో బాగానే వచ్చు.

మా ఫారం బెళుగుప్ప నుంచి కణేకల్లు పోయే దోవలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉండేది. శెనక్కాయ విత్తనం పండించి రైతులకు ఇచ్చేవాళ్లం. వాన పడిన ఏడు పంట, పడని ఏడు పశువులకు మేత. నేను చేరేనాటికి ఫారంలో ఒకటే ట్రాక్టరు, ఒకటే ట్రాలీ. ఆ ఉద్యోగం దొరికిందని చెప్తే మా నాయన పెద్దగా సంతోషపడలేదు. ఆయన ఎద్దులబండి తోలిన మనిషి.

"ఎద్దుకు పల్లం తెలుస్తాది. నువ్వు కునుకు తీసినా అది కాళ్లు ఊని దిగుతాది. నీ బండికి ఏం తెలుస్తాదిరా?" అన్నాడు.

నాకు తెలుస్తుంది కదా అన్నాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకొని పోయినాడు.

నేను చేరిన నెలలోనే ఫారంలో ఇంకొకాయన చేరినాడు. గోడౌను, విత్తనం మూటలు, తాళాలు అన్నీ ఆయన చేతి కింద ఉండేవి. నాకంటే రెండేళ్లు పెద్ద. అందరం ఆయనను స్టోరన్న అనేవాళ్లం. ఆయన నన్ను డ్రైవరప్పా అనేవాడు. ఇరవై ఏళ్లు ఒకే చెట్టు కింద సద్ది విప్పుకున్నాం. ఆయన ఇంట్లో ఊరిమిండి పచ్చడి నూరిన రోజు నా టిఫిను డబ్బా ఖాళీగా తెచ్చుకున్నా నాకు లోటు ఉండేది కాదు. ఆయనకు ఒక మంచి గుణం ఉండేది. ఎవరి పనిలో వాళ్లను వదిలేసేవాడు. "నీ బండి సంగతి నీది, నా మూటల సంగతి నాది" అనేవాడు. అది మంచి గుణమేనని నేను చాలాకాలం అనుకున్నాను.

ట్రాక్టరు తెలియనివాళ్ల కోసం ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. కారుకు బ్రేకు పెడలు ఒకటే ఉంటుంది. ట్రాక్టరుకు రెండు. కుడికాలి కింద పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. చేనులో సాలు చివర బండిని మళ్లించాలంటే ఒక పక్క పెడలు మాత్రమే తొక్కుతాం. ఆ పక్క చక్రం నిలబడిపోతుంది, రెండోది తిరుగుతుంది, బండి ఉన్నచోటనే గిర్రున మళ్లుతుంది. చేనులో అది సుఖం. రోడ్డెక్కేటప్పుడు మాత్రం రెండు పెడళ్లనూ కలిపేదానికి వేలెడంత ఇనుప పట్టీ ఒకటుంటుంది, దాన్ని వేయాలి. మేం దాన్ని లాకు అంటాం. అది వేస్తే రెండు చక్రాలూ ఒకేసారి ఆగుతాయి. వేయకుండా వేగంలో ఒక్క పెడలు తొక్కితే బండి ఆగదు, ఒక పక్కకు తిరగబడుతుంది. వెనక బరువున్న ట్రాలీ ఉంటే ఇంక చెప్పే పనే లేదు. మా ట్రాలీకి బ్రేకులు లేవు. ముందు బండి ఆగినా అది ఆగదు. ఎంత బరువుంటే అంత బరువుతో వెనకనుంచి తోసుకొస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. ఫారం చూడటానికి వచ్చిన రైతులకు నేనే చెప్పేవాణ్ణి.

ఆ ఏడు వానలు విత్తేటప్పుడు మొగం చాటేసినాయి. తర్వాత ఎట్లనో నాలుగు పదున్ల వాన పడి, కాయ పట్టింది. పీకి, కాయ విడిపించి, కల్లంలో ఎండబోసి, మూటలు కట్టినాం. మూటలన్నీ మర్నాడు గోడౌనుకు తోలాలని అనుకున్నాం. ఆ రోజు పొద్దున్నుంచి నేను బండికి మడక తగిలించి పక్క చేనులో దుక్కి దున్నుతున్నాను. సాలు సాలుకూ బండి మళ్లించాలి కాబట్టి లాకు తీసిపెట్టుకున్నాను. మధ్యాహ్నం మూడు దాటినాక పడమర దిక్కున మబ్బు లేచింది. ఏడాదంతా రమ్మని మొక్కితే రాని వాన, కాయ బయట ఉన్నప్పుడే వస్తుంది మా సీమలో. స్టోరన్న కల్లం నుంచి తువ్వాలు ఊపుతూ పరుగెత్తుకొచ్చినాడు.

"డ్రైవరప్పా, మడక ఇప్పి ట్రాలీ తగిలించు! విత్తనం తడిస్తే ఏడాది కష్టం నీళ్లపాలు!"

మడక విప్పినాను. ట్రాలీ తగిలించి, పిన్ను వేసి, పిన్ను ఊడిపోకుండా క్లిప్పు పెట్టినాను. పదకొండు మంది ఆడవాళ్లు, ఫారం మగవాళ్లు కలిసి అరగంటలో మూటలు ఎత్తినారు. ట్రాలీ అంచు దాటి పైకి రెండు వరసలు లేచినాయి. బండి కదిలించే ముందు చుట్టూ ఒకసారి తిరిగి చూసే అలవాటు నాది. పిన్ను, క్లిప్పు, టైర్లు, చివరికి పెడళ్లు. ఆ రోజు టైర్ల దాకా వచ్చినాను. అక్కడ ఆడవాళ్లు నన్ను ఆపినారు.

ఆ కూలీలను పిల్చుకొచ్చే ఆమెను అందరూ పెద్దక్క అనేవాళ్లు. గొంతు గట్టిది, చెయ్యి గట్టిది.

"డ్రైవరన్నా, మేమూ మూటల మీద ఎక్కుతాం. వాన వచ్చేలోపల ఊరు పడాల" అనింది.

"మూటల మీద ఎవరూ ఎక్కేది లేదక్కా. జారితే చక్రం కిందికే పోతారు."

"మొన్న ఖాళీ ట్రాలీలో పిల్చుకొచ్చినావు కదప్పా?"

"మొన్నది కూడా తప్పే."

"తప్పో ఒప్పో, వానలో తడుచుకుంటా నడవాల్నా మేము? మూటలు తడవకూడదు, మనుషులు తడవచ్చా?"

నేను వద్దంటే వద్దన్నాను. అంతలో స్టోరన్న వచ్చి, ఎప్పటిలాగే ఎడమ పక్క మడ్గార్డు మీద ఎక్కి కూర్చున్నాడు. పెద్దక్క ఆయన వైపు చెయ్యి చూపించింది.

"ఆయప్ప ఎక్కచ్చా మరి?"

"గోడౌను తాళం ఆయన దగ్గర ఉండాది."

"తాళం నీ చేతికిస్తే నువ్వు తీయలేవా?"

ఆడవాళ్లంతా నవ్వినారు. స్టోరన్న కూడా నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. ట్రాక్టరు మీద డ్రైవరు తప్ప ఇంకొకరు కూర్చోకూడదు. మడ్గార్డు సీటు కాదు. అది నాకు తెలుసు. కానీ ఇరవై ఏళ్లుగా పక్కన కూర్చుంటున్న మనిషిని దిగమని ఎట్ల చెప్పేది? కూలీవాళ్లకు చెప్పినంత సులభంగా స్నేహితునికి చెప్పలేం. కోపమూ సిగ్గూ కలిసిన మొగంతో సీటెక్కి బండి స్టార్టు చేసినాను. పెడళ్ల వైపు చూడలేదు.

కల్లం నుంచి గోడౌనుకు పోయే మట్టిరోడ్డు ఒకచోట వంకలోకి దిగి మళ్లీ ఎక్కుతుంది. ఆ దిగుడు దగ్గర తక్కువ గేరులోనే దిగినాను. ఆ మాత్రం జాగ్రత్త ఉంది. సగం దిగేసరికి కుడిపక్క పొదల నుంచి గొర్రెలు కనిపించినాయి. వాన కమ్ముతోందని ఒక ఆడమనిషి మందను ఇంటికి తోలుతోంది. రోడ్డు అంచులో కట్టె అడ్డం పెట్టి మందను ఆపుతోంది. నేను కాలు బ్రేకు మీద వేసినాను.

కాలు కుడి పెడలు మీద ఒక్కదానిమీదనే పడింది.

తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. ముందు చక్రాలు కుడికి, గొర్రెల మీదికి తిరిగినాయి. వెనకనుంచి ట్రాలీ గుద్దింది. స్టీరింగు చేతిలోనుంచి తన్నుకుంది. స్టోరన్న చెయ్యి నా భుజం పట్టుకోబోయి జారింది. నేల పైకి లేచి వచ్చింది. కళ్లు తెరిచేసరికి నేను వంక గట్టు మీద బోర్లా పడి ఉన్నాను. బండి ఎడమ పక్కకు ఒరిగి పడి ఉంది, ఇంజను ఇంకా తిరుగుతోంది. దాని కింద నుంచి స్టోరన్న గొంతు. అరుపు కాదు. "అప్పా, అప్పా, అప్పా" అని, ఎవరినో మెల్లగా పిలుస్తున్నట్టు.

ఇంజను ఆపినాను. మడ్గార్డు ఆయన ఎడమ కాలి మీద పడి ఉంది. నేను ఒక్కణ్ణే భుజం పెట్టి ఎత్తబోయినాను. ఎంత మతి లేకుండా పోయిందో చూడండి, ట్రాక్టరును భుజంతో ఎత్తాలనుకున్నాను. గొర్రెలామె వచ్చి నన్ను పక్కకు లాగింది. యాభై ఏళ్లుంటాయి ఆమెకు. తలగుడ్డ విప్పి, ఆయన మోకాలి పైన బిగించి కట్టింది. తల కింద తన గొంగడి మడిచి పెట్టింది.

అప్పుడు వచ్చినారు వాళ్లు. నేను ఎక్కించుకోనన్న పదకొండు మంది, నడుచుకుంటూ వస్తూ చప్పుడు విని పరుగెత్తుకొచ్చినారు. పెద్దక్క బండినీ మనిషినీ ఒకసారి చూసింది.

"ఎత్తేకి కాదు ఇది. తవ్వాల. ముందు రాళ్లు పెట్టండి, బండి కిందికి దిగకుండా" అనింది.

నేలలో మిగిలిపోయిన కాయలు తవ్వుకోవడానికి వాళ్ల దగ్గర తొలికలుంటాయి, చేతిలో ఇమిడే చిన్న పనిముట్లు. వంకలోని రాళ్లు తెచ్చి మడ్గార్డు కింద, చక్రం కింద ఇరికించినారు. తర్వాత పదకొండు మందీ మోకాళ్ల మీద కూర్చొని స్టోరన్న కాలి కింది మట్టిని తొలికలతో తవ్వినారు. శెనక్కాయ కోసం ఎట్ల తవ్వుతారో అట్లే, కాయ పగలకుండా తవ్వినట్టు. వాన మొదలైంది. ఎవరూ తల ఎత్తలేదు. కాలు బయటికి వచ్చేసరికి, ఎవరో ఫోను చేస్తే వచ్చిన నూట ఎనిమిది బండి రోడ్డు మీద కూత వేసింది.

మూటలన్నీ వంకలో తడిసినాయి. వాటి గురించి ఆ రోజు ఎవరూ అడగలేదు.

పెద్దాసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేసినారు. నాకు నుదుటిమీద నాలుగు కుట్లు.

మర్నాడు పొద్దున క్రేను తెచ్చి బండిని లేపి ఫారం షెడ్డులో పెట్టినారు. నేను ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికి పోయినాను. షెడ్డులో ఎవరూ లేరు. వంగి పెడళ్ల వైపు చూసినాను. లాకు ఊడి వేలాడుతోంది. బండి పల్టీ కొట్టినప్పుడు ఊడిందేమో అనుకోవడానికి చాలా ప్రయత్నం చేసినాను. అది అట్ల ఊడేది కాదు. దుక్కిలో నేను తీసినది తీసినట్టే ఉంది.

చుట్టూ చూసినాను. చేత్తో లాకు వేసినాను. టక్కుమని చిన్న చప్పుడు అయింది.

బండి బోల్తా కొట్టడం పొరపాటు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అంటారు, ఒప్పుకుంటాను. ఈ లాకు వేసింది మాత్రం పొరపాటు కాదు.

ఆ సాయంత్రమే బ్రేకు ఇనస్పెక్టరు వచ్చి బండిని చూసినాడు. బ్రేకులు బాగున్నాయి, లాకు వేసి ఉంది, ట్రాలీ పిన్ను సరిగ్గా ఉంది అని రాసుకున్నాడు. ఇంక మిగిలిందేమిటి? గొర్రెలు. మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచినాడు. చెడ్డ మనిషి కాదు, భయస్తుడు.

"గొర్రెలు ఒక్కసారిగా అడ్డమొచ్చినాయని చెప్పు చాలు. నీ ఉద్యోగానికి, లైసెన్సుకు ఏ ఇబ్బందీ రాదు" అన్నాడు.

"సరే సార్" అన్నాను. రెండే మాటలు. స్టేషనులో కూడా అట్లే చెప్పి సంతకం పెట్టినాను.

గొర్రెలామెను రోజూ స్టేషనుకు పిలిచేవాళ్లు. కొట్టలేదు, తిట్టలేదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా అరుగు మీద కూర్చోబెట్టి, రేపు రమ్మనేవాళ్లు. మంద దొడ్లోనే ఉండిపోయింది. పెనిమిటి లేని మనిషి, మేపేవాళ్లు ఎవరున్నారు? పక్కింటివాళ్లు ఇంత మేత వేస్తే వేసినట్టు.

వారం దాటినాక నా వాంగ్మూలం మీద వేలిముద్రో సంతకమో ఇంకొకటి కావాలని నన్నూ పిలిచినారు. అరుగు మీద ఆమె కూర్చొని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటు ఇచ్చింది. నా నుదుటి కుట్లు చూసి, "నొప్పి తగ్గిందాప్పా?" అని అడిగింది. తగ్గిందన్నాను.

"ఆయప్ప ఎట్ల ఉండాడు?"

"కాలు తీసేసినారు."

ఆమె కట్టెను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. తర్వాత అనింది:

"అప్పా, నిజం చెప్పు. నా గొర్రెలు రోడ్డు ఎక్కలేదు కదా? నేను కట్టె అడ్డం పెట్టి ఆపినా. నీకు కనపడల్యా?"

నేను నేల వైపు చూస్తూ ఉన్నాను. ఆమె నా జవాబు కోసం చూసి చూసి, తనే మళ్లీ అనింది.

"ఏమో. అందరూ ఎక్కినాయనే చెప్తాండారు. వాన గాబరాలో ఒకటో రెండో నా కట్టె దాటి పోయినాయేమో. నేను చూసుకోలేదేమో. నా వల్లనే ఆ మనిషి కాలు పోయిందేమోప్పా."

అబద్ధం చెప్పినవాడికి అది అబద్ధమని తెలుసు. నిజం చెప్పిన మనిషి మాత్రం తన కళ్లను తనే నమ్మడం మానేస్తోంది. ఆమె నన్ను తిట్టినా, కొట్టినా నాకు అంత బాధ ఉండేది కాదేమో. సంతకం పెట్టకుండా, కడుపులో నొప్పి అని చెప్పి లేచి వచ్చేసినాను. బస్సెక్కి నేరుగా పెద్దాసుపత్రికి పోయినాను.

స్టోరన్న గోడకు ఆనుకొని కూర్చున్నాడు. దుప్పటి ఒక పక్క పల్లంగా ఉంది. ఆయన భార్య గ్లాసు కడగడానికి బయటికి పోయినప్పుడు చెప్పినాను. లాకు వేయలేదని, మర్నాడు వేసినానని, గొర్రెలామె మీద రాయిస్తున్నారని. అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసినాను.

ఆయన కిటికీ వైపు చూస్తూ విన్నాడు.

"లాకు సంగతి నాకు తెలుసు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మడ్గార్డు ఎక్కేటప్పుడే చూసినా. యాలాడతాండె. చెబుదామనుకుంటి. నువ్వు పెద్దక్క మీద కోపంగా ఉంటివి. డ్రైవరుకు నేను చెప్పేదేంది, కదిలేముందు వేసుకుంటాడులే అనుకుంటి. మళ్లీ మబ్బు చూస్తా మర్చిపోతి."

 పక్క మంచం మీది ముసలాయన దగ్గుతున్నాడు.

"నా మీద కోపంగా ఉందా అన్నా?" అని అడిగినాను. అడగకూడని ప్రశ్న. క్షమించినానని ఆయన నోటితో అనిపించుకోవాలని ఆశ.

"ఉండాది" అన్నాడు స్టోరన్న. "ఎంతకాలం ఉంటాదో నాకూ తెలీదు. అది మన ఇద్దరి సంగతి. ఆయమ్మకు దీంట్లో ఏం పని? నా కాలు కట్టింది ఆయమ్మ. పో, పోయి చెప్పు."

రెండు రోజుల తర్వాత ఫారం షెడ్డులో విచారణ పెట్టినారు. బల్ల వెనక ఎస్సై, బ్రేకు ఇనస్పెక్టరు, మా మేనేజరు. ఎదురుగా బెంచీ మీద గొర్రెలామె. సాక్షులని పెద్దక్కనూ ఇద్దరు కూలీలనూ పిలిపించినారు. పక్కనే ఆ ట్రాక్టరు, వంగిపోయిన మడ్గార్డుతో నిలబడి ఉంది.

నన్ను జరిగింది చెప్పమన్నారు. రాత్రంతా మాటలు పేర్చుకున్నాను కానీ అక్కడ నిలబడేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"గొర్రెలు రోడ్డు ఎక్కలేదు సార్. ఆమె ఆపింది. నేను బ్రేకు పెడళ్ల లాకు వేయకుండా రోడ్డెక్కినాను. ఒకపక్కే పట్టి బండి తిరగబడింది" అన్నాను.

మేనేజరు ఫైలులోకి తల దూర్చినాడు. ఇనస్పెక్టరు తన కాగితాలు తిప్పి చూసుకున్నాడు.

"నేను చూసినప్పుడు లాకు వేసే ఉంది కదయ్యా?"

"మర్నాడు పొద్దున నేనే వేసినాను సార్."

 ఎస్సై పెన్ను కింద పెట్టి నా వైపు చూసినాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఈ మాట రాసి సంతకం పెడతావా?" అన్నాడు. పెడతానన్నాను. ఇంకొక మాట కూడా రాసుకోమన్నాను. మడ్గార్డు మీద మనిషిని కూర్చోబెట్టుకున్నది కూడా నేనే అని. పెద్దక్క నా వైపు చూసింది.

గొర్రెలామె లేచి నిలబడింది. నేను ఆమె మొగం వైపు చూడలేకపోయినాను. ఆమె నాతో మాట్లాడలేదు. ఎస్సైని అడిగింది:

"అట్లయితే నేను పోవచ్చా సార్? గొర్రెలు ఇడిసి వచ్చినా."

పొమ్మన్నారు. కట్టె తీసుకొని పోయింది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగినాయి. కేసు నా మీదికి వచ్చింది. సస్పెండు చేసినారు. కోర్టుల చుట్టూ తిరిగినాను. ఆ రోజుల్లో నా భార్య రాయదుర్గం నుంచి జీన్సు ప్యాంట్లు తెచ్చుకొని ఇంట్లో కుట్టి సంసారం నడిపింది. ఒక్కరోజు కూడా "ఏంటికి చెప్పినావు" అని అడగలేదు. "ఏంటికి వేసినావు ఆ లాకు" అని మాత్రం ఒకసారి అడిగింది. దానికి నేను చెప్పిన జవాబు ఆమెకు నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

ఆ ప్రమాదంలో బండి మందమీదికి తిరిగినప్పుడు, రోడ్డు అంచున ఉన్న గొర్రెలామె గొర్రెలు రెండు చచ్చిపోయినాయి. నేను సంతలో రెండు గొర్రెలు కొని, ఆమె ఊరికి తోలుకుపోయి, దొడ్లో కట్టినాను. కనీసం నాలుగు తిట్లు తిడుతుందని ఎదురుచూసినాను. ఆమె వాటి చుట్టూ తిరిగి, నోళ్లు తెరిపించి పళ్లు చూసి, కాళ్లు పట్టి చూసింది.

"ఇది కుంటుతాండాది. మార్చి తీసుకురాపో" అనింది.

మార్చి తెచ్చినాను. ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అదే. ఆ తర్వాత దోవలో ఎన్నిసార్లు ఎదురుపడినా నేను పక్కకు నిలబడి మంద పోయేదాకా ఆగేవాణ్ణి, ఆమె తల తిప్పకుండా పోయేది. అది నాకు న్యాయమే అనిపించింది.

పెద్దక్క మాత్రం ఊరుకోలేదు. మరుసటి పంటకు కూలీలను అడగడానికి మేనేజరు పోతే, "తీసుకొచ్చేకి, ఇడిసేకి ఆటోలు పెడితేనే వస్తాం. ట్రాలీలో ఎక్కం, నడవం" అని చెప్పిందట. నేను మూటల మీద ఎక్కద్దన్న మాట మంచిదే. ఎక్కకుండా వాళ్లెట్ల పోవాలనేది మాత్రం ఇరవై ఏళ్లలో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆటోలు వచ్చినాయి.

నన్ను మళ్లీ పనిలోకి తీసుకున్నారు కానీ బండి ఇవ్వలేదు. రెండేళ్లు షెడ్డులో గ్రీజు కొట్టడం, నట్లు బిగించడం. స్టోరన్న నాకంటే ముందే వచ్చి పనిలో చేరినాడు, పెట్టుడు కాలితో. మొదట్లో పని మాటలు తప్ప మాట్లాడేవాడు కాదు. సద్ది వేరేచోట తినేవాడు. నేను ఆయన దగ్గరికి పోయి కూర్చోలేదు. ఆయన కోపానికి ఎంత కాలం కావాలంటే అంత కాలం తీసుకోనీ అనుకున్నాను. అంతకంటే నేను ఇవ్వగలిగింది కూడా ఏమీ లేదు.

నాకు మళ్లీ బండి అప్పగించిన రోజు అది. పొద్దున్నే ట్రాలీ తగిలించి, చుట్టూ తిరిగి అన్నీ చూసుకున్నాను. పిన్ను, క్లిప్పు, టైర్లు, లాకు. లాకు రెండుసార్లు చూసినాను. సీటెక్కి కూర్చున్నాను కానీ తాళంచెవి తిప్పడానికి చెయ్యి రావడం లేదు. అప్పుడు గోడౌను వైపు నుంచి స్టోరన్న మెల్లగా కాలు ఈడ్చుకుంటూ వచ్చినాడు. బండి పక్కన నిలబడి కిందినుంచి పైకి చూసినాడు.

"డ్రైవరప్పా, ఒక మాట చెప్పచ్చా?"

"చెప్పన్నా."

"వెనక ట్రాలీ టైరులో గాలి తక్కువ ఉన్నట్టుండాది."

టైర్లకు అరగంట ముందే గాలి కొట్టి, కొలిచి పెట్టినాను. అయినా సీటు దిగినాను. షెడ్డులోకి పోయి గాలి కొలిచే గేజీ తెచ్చినాను. ఆయన ఎదురుగానే మోకాలి మీద కూర్చొని రెండు టైర్లూ కొలిచినాను.

"సరిగ్గానే ఉండాదన్నా" అన్నాను.

"ఉంటే మంచిదే" అన్నాడు స్టోరన్న. "చెప్పినా నేను."